హక్కా పల్లె హోంగ్‌కెంగ్, అక్కడి మట్టిమేడలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చైనా ఆగ్నేయాన ఫూజియాన్ రాష్ట్రం ఉంది. దాని నైరుతి మూల కొండల్లో యోంగ్‌దింగ్ అనే ప్రాంతం, అందులో హూకెంగ్ పట్టణం పరిధిలో ఒక వాగు ఒడ్డున హోంగ్‌కెంగ్ పల్లె. ఈ ఊరి గురించీ, హక్కాల గురించీ, వాళ్ళు కట్టుకున్న తులౌల గురించీ ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులిస్తున్నాం. తులౌ అంటే మట్టిమేడ. గోడ కట్టే పని గురించీ, గోడ పాడయ్యే తీరు గురించీ కాస్త ఎక్కువే రాశాం. ఫొటోల్లో కనిపించనిది అదే కాబట్టి.

హక్కా నూడుల్స్‌లో ఉన్న హక్కా వీళ్ళేనా?

వీళ్ళే. అయితే ఆ వంటకం ఈ ఊరిది కాదు, కలకత్తాది. ఎక్కువగా గ్వాంగ్‌డోంగ్ రాష్ట్రంలోని మెయ్‌షియాన్ చుట్టుపక్కల నుంచి వచ్చిన హక్కాలు కలకత్తాలో స్థిరపడ్డారు. అక్కడి టాంగ్రా పేటలో తోళ్ళు పదునుచేసే కార్ఖానాలు పెట్టారు, చెప్పుల దుకాణాలు నడిపారు, తర్వాత హోటళ్ళు తెరిచారు. ఇక్కడివాళ్ళ నోటికి తగ్గట్టు వాళ్ళ వంటా మారింది. ఇవాళ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బండి మీద పెద్ద మంట పెట్టి, సోయా సాస్, క్యాబేజీ, పచ్చిమిర్చి వేసి ఎగరేసే నూడుల్స్‌కి ఆ పేరు అలా వచ్చింది. చైనాతో 1962 యుద్ధం వచ్చినప్పుడు మన దేశంలోని చైనా మూలాలవాళ్ళను వేల సంఖ్యలో, ఎక్కువగా అస్సాం, ఉత్తర బెంగాల్ నుంచి పట్టుకెళ్ళి, రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరంలో నిర్బంధించారు. విడుదలయ్యాక ఎందరో దేశం విడిచి వెళ్ళిపోయారు. పేరు మాత్రం మన మెనూ కార్డుల్లో ఉండిపోయింది.

హోంగ్‌కెంగ్‌లో రోజూ తినేది వరి అన్నం.

అసలు హక్కాలు ఎవరు?

హాన్ చైనీయుల్లోనే ఒక శాఖ. ‘హక్కా’ అంటే అతిథి కుటుంబాలు, అంటే బయటి నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు అని అర్థం. వాళ్ళ వంశావళి పుస్తకాలు తమ మూలం ఉత్తరాన పసుపు నది మైదానమని చెబుతాయి. 4వ శతాబ్దపు అల్లకల్లోలం, 9వ శతాబ్దం చివర హువాంగ్ చావో తిరుగుబాటు, 12, 13 శతాబ్దాల్లో ఉత్తరాది దండయాత్రలు వాళ్ళను విడతలవారీగా దక్షిణానికి నెట్టాయి. వంశావళిలో రాసిందంతా అక్షరాలా జరిగిందని అనుకోనక్కర్లేదు. తమది గొప్ప వంశమని చెప్పుకోవాలన్న కోరిక ఏ దేశంలోనైనా ఒకటే. కొండల్లో అప్పటికే ఉన్న షె తెగవారితో కలిసిపోవడం కూడా ఈ చరిత్రలో పెద్ద భాగమే.

తీరానికి చేరేసరికి పల్లపు భూములన్నీ ముందొచ్చినవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. వీళ్ళకు దక్కింది కొండలు. కొండవాలును మెట్లుమెట్లుగా చెక్కి వరి వేశారు. హక్కా ఆడవాళ్ళు పొలం పనికి వెళ్ళేవారు, బరువులు మోసేవారు. అందుకే చైనాలో చాలాచోట్ల ఆడపిల్లల పాదాలు బిగించి కట్టే ఆచారం ఉన్న రోజుల్లో కూడా వీళ్ళలో అది పాతుకోలేదు. భాష మీద పట్టుదల ఎక్కువ. ‘తాతల పొలమైనా అమ్ముకో, తాతల మాట మాత్రం మరవకు’ అన్నది వాళ్ళ సామెత.

హోంగ్‌కెంగ్ ఎవరి ఊరు?

లిన్ ఇంటిపేరువాళ్ళది. ఊరంతా ఒకే ఇంటిపేరు, ఒకే మూలపురుషుడు. మన మాటల్లో చెప్పాలంటే ఊరు ఊరంతా పాలివాళ్ళే. అందుకే ఊళ్ళో సంబంధాలు కలుపుకోరు, కోడళ్ళందరూ బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళే. ఊరి మధ్య నుంచి వాగు పారుతుంది, దాని రెండు గట్ల వెంట ఇళ్ళు బారుగా ఉంటాయి. వెనక కొండ, ముందు నీళ్ళు. ఇంటి స్థలం చూసేటప్పుడు మనవాళ్ళు వాస్తు చూసినట్టే వాళ్ళు ఫెంగ్‌షుయ్ చూస్తారు.

2008లో యునెస్కో ఫూజియాన్ తులౌలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మొత్తం 46 కట్టడాలు. వాటిలో 23 యోంగ్‌దింగ్‌వి, వాటిలో 7 ఈ ఒక్క ఊళ్ళోవి.

తులౌ అంటే ఇల్లా, కోటా?

ఒకే గోడ లోపల ఉన్న ఊరు అంటే సరిపోతుంది. బయట మీటరు నుంచి దాదాపు రెండు మీటర్ల మందం మట్టిగోడ. దానికి లోపలి వైపున చెక్కతో మూడు నాలుగు అంతస్తుల గదులు, గదుల ముందు చుట్టూ తిరిగే వసారా, మధ్యలో ఆకాశం కనిపించే పెద్ద వాకిలి, వాకిట్లో బావి, పూర్వీకుల మందిరం. కోనసీమ మండువా లోగిలి చూసినవాళ్ళకు ఈ అమరిక వెంటనే తెలుస్తుంది. అక్కడ ఒక కుటుంబం, ఇక్కడ యాభై కుటుంబాలు, అంతే తేడా. యునెస్కో లెక్క ప్రకారం ఒక్కో పెద్ద తులౌలో 800 మంది దాకా ఉండగలరు.

అంత మందం గోడలు ఎందుకు? డబ్బు ఎక్కడిది?

భయం వల్ల గోడ లేచింది, పొగాకు వల్ల డబ్బు వచ్చింది. ఈ కొండలు రాజధానికి దూరం, అధికారులు వచ్చేసరికి దొంగల దండు ఊరు దోచుకుని పోయేది. పక్క ఊరి వంశంతో నీళ్ళ గొడవలూ సరిహద్దు తగాదాలూ వేరే. రాత్రి తలుపు మూస్తే మనుషులు, పశువులు, ధాన్యం అన్నీ లోపలే ఉండాలి.

యోంగ్‌దింగ్‌లో సన్నగా తరిగే పొగాకు పండేది, దూర ప్రాంతాలకు వెళ్ళేది. హోంగ్‌కెంగ్ లిన్‌లు పొగాకు తరిగే కత్తులు తయారుచేసి బాగా గడించారు. 1880లో మొదలైన ఫూయూ లౌ (లౌ అంటే మేడ), 1912లో మొదలైన జెన్‌చెంగ్ లౌ రెండింటి వెనకా ఉన్నది ఆ కత్తుల సొమ్మే.

ఊళ్ళో ముఖ్యంగా చూడాల్సినవి ఏవి?

జెన్‌చెంగ్ లౌ మొదటిది. లిన్ హోంగ్‌చావో, ఆయన సోదరులు కట్టించారు. అయిదేళ్ళు పట్టింది, ఎనభై వేల వెండి డాలర్లు ఖర్చయిందని చెబుతారు. రెండు వలయాలు. బయటిది నాలుగంతస్తులు, 16 మీటర్ల ఎత్తు. లోపలిది రెండంతస్తులు. ఊరివాళ్ళు దీన్ని ఒక్క వరుసలో వర్ణిస్తారు: ఒక మందిరం, రెండు బావులు, మూడు ద్వారాలు, నాలుగు మెట్లదారులు, ఎనిమిది భాగాలు. ఆ ఎనిమిది భాగాలను పైనుంచి కిందిదాకా ఇటుక గోడలు విడదీస్తాయి. ఒక భాగంలో నిప్పంటుకుంటే పక్కదానికి పాకకుండా చేసిన ఏర్పాటది. లోపలంతా చెక్క కాబట్టి ఈ ఇటుక గోడలు అలంకారం కాదు, ప్రాణాధారం. మందిరం ముందు నిలబడి చూస్తే గ్రీకు పద్ధతి రాతి స్తంభాలు, పోత ఇనుప పిట్టగోడలు కనిపిస్తాయి. బయట మట్టి, లోపల షాంఘై నాగరికత. 1912లో ఒక పల్లెటూరి ధనవంతుడి ఊహ ఎక్కడిదాకా వెళ్ళిందో ఆ స్తంభాలు చెబుతాయి.

కుయ్‌జూ లౌ 1834 నాటిది, చతురస్రం. కొండవాలు మీద కట్టడంతో కప్పులు మెట్లుగా పైకి లేస్తూ పోతాయి. ఫూయూ లౌ కోటలా కాక భవంతిలా ఉంటుంది, ముందు తక్కువ ఎత్తు, వెనక ఎక్కువ ఎత్తు.

రూషెంగ్ లౌను చాలామంది దాటేసి పోతారు. దయచేసి పోకండి. అడ్డం దాదాపు 17 మీటర్లే, మూడంతస్తులు. గింజలు కొలిచే మానిక ఆకారంలో ఉందని ఆ పేరు పెట్టారు. వాకిట్లో నిలబడి చుట్టూ ఒకసారి తిరిగితే ప్రతి గది తలుపూ కనిపిస్తుంది. తులౌ ఎలా పనిచేస్తుందో అర్థం కావడానికి పెద్దవాటికన్నా ఇదే మేలు.

గోడ ఎలా కట్టారు?

కాల్చిన ఇటుక లేదు, సిమెంటు లేదు. చెక్క అచ్చులో మట్టి పోసి దిమ్మిసతో కూరి కట్టిన గోడ అది. పని ఈ క్రమంలో సాగేది.

ముందు పునాది. కందకం తవ్వి వాగులోని పెద్ద గుండ్రాళ్ళు పరుస్తారు. నేలకు పైన కూడా వరద మట్టం దాటేదాకా రాతికట్టే వస్తుంది. ఇక్కడో ఉపాయం ఉంది. రాయి లావుపాటి చివర లోపలికి, సన్నటి చివర బయటికి వచ్చేలా పేరుస్తారు. బయటి నుంచి గునపం పెట్టి లాగినా రాయి ఊడిరాదు.

తర్వాత మట్టి. కొండ అంచున దొరికే ఎర్ర, పసుపు బంకమన్నుకి ఇసుక పాలు కలుపుతారు. అలా కలిపిన మట్టిని కుప్పపోసి, తిరగేస్తూ, చాలా రోజులు మాగనిస్తారు. కూలిన పాత గోడల మట్టి దొరికితే తప్పకుండా కలుపుతారు. మన ఊళ్ళలో పాటిమన్నుకి ఉన్న విలువే అక్కడ దానికీ ఉంది. ఒకసారి కుంచించుకుపోయిన మట్టి మళ్ళీ అంతగా కుంచించదు, పగుళ్ళు తగ్గుతాయి.

తడి ఎంత ఉండాలన్నదానికి ఒక పరీక్ష ఉంది. పిడికెడు మట్టి తీసి గట్టిగా పిసికితే ముద్ద కట్టాలి. ఆ ముద్దను నేల మీదికి వదిలితే పొడిపొడిగా విడిపోవాలి. ముద్ద కట్టకపోతే తడి చాలలేదు, దిమ్మిస ఎంత వేసినా రేణువులు పట్టుకోవు. పడ్డాక కూడా ముద్ద ముద్దగానే ఉంటే నీళ్ళు ఎక్కువయ్యాయి. అలాంటి మట్టి దిమ్మిస కింద రబ్బరులా సాగుతుంది గానీ కూరుకోదు, ఆరేటప్పుడు నిలువునా చీలుతుంది.

అచ్చుపెట్టె పొడవు ఒకటిన్నర నుంచి రెండు మీటర్లు, ఎత్తు సుమారు 40 సెంటీమీటర్లు. ఇద్దరు మనుషులు పెట్టెలోనే నిలబడి, రెండు కొసలూ పనికొచ్చే రోకలి లాంటి దిమ్మిసలతో కూరుతారు. పెట్టె నింపడం ఒక్క దఫాలో జరగదు. నాలుగైదు పొరలుగా పోసి, ప్రతి పొరా గట్టిపడేదాకా కొట్టి, పొరల మధ్య వెదురు బద్దలో దేవదారు జాతి చెట్టు కొమ్మలో పరుస్తారు. ఒక పెట్టెలోని బద్ద పక్క పెట్టెలోకి చొచ్చుకుపోవాలి. దీన్ని వాళ్ళు గోడ ఎముక అంటారు. కాంక్రీటులో ఇనుప చువ్వ చేసే పనే ఇక్కడ వెదురు చేస్తుంది. పైవరుస పెట్టె అతుకు కిందివరుస అతుకు మీద పడకూడదు, ఇటుక పేర్చినట్టే తప్పించి పెట్టాలి. అచ్చు తీయగానే పచ్చి గోడను చెక్కబద్దతో చరిచి నున్నగా చేస్తారు. ఆ చరుపు వల్లే వాన నీళ్ళు గోడలోకి ఇంకకుండా జారిపోయే గట్టి పైపొర ఏర్పడుతుంది.

ఏడాదికి ఒక అంతస్తు. వరి కోతలయ్యాక, వానలు లేని నెలల్లో, చేతులు ఖాళీగా ఉన్నప్పుడు చేసే పని ఇది. కిందిది పూర్తిగా ఆరకుండా పైది వేస్తే బరువుకి గోడ పొట్ట వస్తుంది. పైకి పోయేకొద్దీ గోడను లోపలి వైపు నుంచి కాస్త కాస్త సన్నం చేస్తారు. దానివల్ల బరువు తగ్గుతుంది, అలా మిగిలిన గట్టు మీద దూలాల కొసలు కూర్చుంటాయి. దూలాన్ని గోడ వైపు కొంచెం ఎత్తుగా పెడతారు, ఎందుకంటే మట్టిగోడ ఆరుతూ కిందికి దిగుతుంది, రెండో కొసను మోసే చెక్క స్తంభం దిగదు. మొదటే సమంగా పెడితే కొన్నేళ్ళకు నేల గోడ వైపు వాలిపోతుంది.

‘ఎండ గోడను తోస్తుంది’ అంటారట, నిజమేనా?

నిజమే, మేస్త్రీలు మొదట నేర్పే పాఠం అది. ఎండ పడే వైపు గోడ ముందు ఆరి గట్టిపడుతుంది. నీడ వైపు ఇంకా మెత్తగానే ఉంటుంది. పైన బరువు పెరిగేసరికి మెత్తటి వైపు అణిగి, గోడ మొత్తం నీడ వైపుకి ఒరుగుతుంది. అందుకని కట్టేటప్పుడే గోడను ఎండ వైపుకి కొద్దిగా వాల్చి కడతారు. ఆరేసరికి నిటారుగా నిలబడుతుంది. ఎంత వాల్చాలన్నది మట్టిని బట్టి, ఆ దిక్కుని బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. కాగితం మీద లెక్క కాదిది, చేతిలో ఉండే జ్ఞానం. తులౌ కట్టే నైపుణ్యాన్ని చైనా 2006లో తన అభౌతిక వారసత్వ మొదటి జాబితాలోనే చేర్చడానికి కారణం ఇలాంటి జ్ఞానమే.

గోడలో జిగురు బియ్యం గంజి, బెల్లం, గుడ్డు సొన కలిపారంటారు?

కొన్నింటిలో, కొన్నిచోట్ల మాత్రమే. సున్నం, బంకమన్ను, ఇసుక మూడూ కలిపిన మిశ్రమానికి జిగురు బియ్యం గంజి, నల్లబెల్లం పాకం పట్టించడం నిజంగా ఉంది. మన గానుగ సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్ళు వాడినట్టే. కానీ అది ఖరీదైన పని. వరద తగిలే అడుగు భాగానికీ, బాగా కలిగినవాళ్ళ కట్టడాలకీ వాడారు. మామూలు తులౌ గోడ నిండా ఉన్నది మట్టి, ఇసుక, వెదురు. వందల మంది తినే బియ్యాన్ని గోడలో పోసే స్తోమత పల్లెలకు ఉండేది కాదు. గోడ బలం రహస్యపు దినుసులో లేదు. తడి సరిగ్గా ఉండటంలో, కూరడంలో, ఆరనివ్వడంలో ఉంది.

ద్వారం దగ్గర ఏం చూడాలి?

చాలా తులౌలకు ఒక్కటే పెద్ద ద్వారం. రాతి ద్వారబంధం, అరచేతి వెడల్పంత మందం చెక్క తలుపులు, వాటి మీద ఇనుప రేకు, వెనక గోడలోకి దూరే అడ్డగడియ. ద్వారం కింద నిలబడి తలెత్తి చూడండి. పైకప్పులో చిన్న రంధ్రాలు కనిపిస్తే అవి నీళ్ళు వదలడానికి పెట్టినవి. శత్రువు తలుపుకి నిప్పు పెడితే పై అంతస్తులోని తొట్టి నుంచి నీళ్ళు తలుపు ముఖం మీదుగా జారుతాయి. మట్టిగోడ కాలదు, తలుపు ఒక్కటే కాలుతుంది, అందుకని జాగ్రత్త అంతా అక్కడే.

కింది రెండు అంతస్తులకు బయటికి కిటికీలు ఉండవు. పైన ఉన్నవి కూడా లోపల వెడల్పు, బయట ఇరుకు.

ఏ గది ఎవరికి? గొడవలు రావా?

వాటా నిలువుగా ఉంటుంది. కింద వంటిల్లు, దాని మీద గాదె, ఆ పైన పడకగదులు. ఇదంతా ఒక కుటుంబానిది. కిందిది అన్నకీ పైది తమ్ముడికీ అన్న పంపకం లేదు. వసారాలు, మెట్లు, బావి, వాకిలి, పూర్వీకుల మందిరం అందరివీ. పై అంతస్తులోని మీ గదికి వెళ్ళాలంటే పది ఇళ్ళ తలుపుల ముందు నుంచి నడవాలి. ఏకాంతం తక్కువ, తోడు ఎక్కువ. గాదె రెండో అంతస్తులో ఉండటం ఊరికే కాదు. కింద వంటింటి వేడి, పొగ పైకి లేచి ధాన్యానికి చెమ్మ పట్టనివ్వవు, పురుగు చేరనివ్వవు.

పెళ్ళి, చావు, పండుగ అన్నీ మధ్య మందిరంలోనే. మరుగుదొడ్లు, పందుల కొట్టాలు ఎక్కువగా గోడ బయట.

గుండ్రంగానే ఎందుకు కట్టారు?

అన్నీ గుండ్రంగా లేవు, చతురస్రాలూ చాలా ఉన్నాయి. అయినా గుండ్రానికి లాభాలు ఉన్నాయి. అంతే పొడవు గోడతో ఎక్కువ చోటు కలిసొస్తుంది. చతురస్రంలో మూలగదులు చీకటి, వాటిని ఎవరు తీసుకోవాలన్న పేచీ వస్తుంది. వలయంలో మూలే లేదు, గదులన్నీ ఒకే కొలత. అన్నదమ్ముల పంపకానికి ఇంతకంటే తేలికైన ఆకారం లేదు. మట్టిగోడ ముందు పగిలేది కూడా మూలల్లోనే.

కష్టం కప్పు దగ్గర వస్తుంది. చూరు అంచున వలయం పెద్దది, శిఖరం దగ్గర చిన్నది. కాబట్టి పెంకుల వరుసలన్నీ పైదాకా పోవు, కొన్ని మధ్యలోనే కోసి కలపాలి. కురిసేది ఆ అతుకుల దగ్గరే.

పెద్ద తులౌల్లో అన్నిటికంటే పేరున్నది ఏది?

పక్కనే ఉన్న గావోబెయ్ ఊళ్ళో, జియాంగ్ వంశంవారి చెంగ్‌చీ లౌ. 1709లో మొదలుపెట్టారు. ఒకదాంట్లో ఒకటి నాలుగు వలయాలు. బయటి వలయంలో అంతస్తుకి 72 చొప్పున నాలుగంతస్తుల్లో 288 గదులు, రెండో వలయంలో 80, మూడోదాంట్లో 32, నట్టనడుమ మందిరం. ‘నాలుగంతస్తులు, నాలుగు చుట్లు, కిందా పైనా నాలుగు వందల గదులు’ అని ఊరివాళ్ళు పాడుకునేది లెక్కకు సరిగ్గా సరిపోతుంది. 1986లో చైనా ఒక యువాన్ తపాలా బిళ్ళ మీద వేసిన ఇల్లు ఇదే.

భూకంపం వస్తే?

1918లో దక్షిణ తీరంలో పెద్ద భూకంపం వచ్చింది. హూకెంగ్ పరిధిలోని హువాన్‌జీ లౌ గోడ అప్పుడు చీలింది, మేడ మాత్రం నిలబడింది. కాలక్రమంలో ఆ చీలిక చాలావరకు దగ్గరపడిందని ఊరివాళ్ళు చూపిస్తారు. అడుగున లావు, పైన సన్నం, ఒకదాన్నొకటి ఆనుకున్న వలయం, లోపల వెదురు ఎముకలు. వీటికి తోడు లోపలి చెక్క చట్రానికి దూలం-స్తంభం గూళ్ళలో కాస్త కదిలే వీలుంది. ఊగుతుంది గానీ విరగదు.

తులౌలు అన్నీ హక్కాలవేనా? హక్కాలందరూ తులౌల్లోనే ఉంటారా?

రెండింటికీ జవాబు కాదనే. పొరుగున ఉన్న హువా‌ఆన్, నాన్‌జింగ్ ప్రాంతాల్లో దక్షిణ ఫూజియాన్ భాష మాట్లాడేవాళ్ళ తులౌలు ఉన్నాయి. (ఈ నాన్‌జింగ్ ఫూజియాన్‌లోని చిన్న ప్రాంతం, పాత రాజధాని నగరం కాదు.) యునెస్కో జాబితాలో పేరు ‘ఫూజియాన్ తులౌ’ అనే ఉంది, హక్కా తులౌ అని లేదు. మరోవైపు గ్వాంగ్‌డోంగ్‌లోని మెయ్‌జౌ హక్కాలది ముందు చెరువు, వెనక అర్ధచంద్రాకారపు గదుల వరుస ఉండే ఇల్లు. పొరుగు రాష్ట్రం జియాంగ్‌షీ దక్షిణాన ఉన్నవి రాయి, ఇటుక కలిపిన చతురస్రపు కోటలు. హాంకాంగ్ ఈశాన్య మూలన లాయ్‌చీవో లాంటి హక్కా పల్లెల్లో వరుస ఇళ్ళు, వెనక నరకకుండా కాపాడుకున్న అడవి.

అన్నీ పురాతనమైనవి కూడా కావు. నాన్‌జింగ్ ప్రాంతంలో తియాన్‌లువోకెంగ్ అనే ఊరుంది. ఒక చతురస్రం, దాని చుట్టూ నాలుగు మేడలు. పోస్టర్ల మీద ఎక్కువగా కనిపించే దృశ్యం అదే. అందులో కోలగా ఉన్నది 1966లో కట్టింది.

ఊరు విడిచి వెళ్ళినవాళ్ళు ఎక్కడికి వెళ్ళారు?

కొండ పొలం పెరగదు, పిల్లలు పెరుగుతారు. 19వ శతాబ్దంలో ఆగ్నేయాసియాకు వలస జోరందుకుంది. ఈ యోంగ్‌దింగ్ నుంచే ఒక మూలికా వైద్యుడు రంగూన్ వెళ్ళి మందుల దుకాణం పెట్టాడు. ఆయన కొడుకులు అక్కడ తయారుచేసి అమ్మిందే టైగర్ బామ్. వాళ్ళలో పెద్ద పేరు ఔ బూన్ హా అనే ఆయనది, 1882లో రంగూన్‌లోనే పుట్టాడు. సరిగ్గా ఆ కాలంలోనే కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి మనవాళ్ళు ‘రంగం’ పోయేవారు. ఆ రేవు వీధుల్లో హక్కా దుకాణదారూ తెలుగు కూలీ ఎదురుపడే ఉంటారు.

విదేశాల నుంచి వచ్చిన డబ్బుతో ఊళ్ళో బడులు, మేడలు లేచాయి.

అక్కడ ఏం తింటారు?

అన్నంతో ఎండబెట్టిన ఆవాకు. ఆవాకుని ఉప్పు పట్టించి, ఆవిరికి ఉడికించి, ఎండబెట్టి, మళ్ళీ ఉడికించి మళ్ళీ ఎండబెడతారు. నల్లగా, కాస్త తియ్యగా అయ్యేదాకా. కొవ్వున్న పంది మాంసం కింద అది వేసి ఉడికిస్తే కొవ్వంతా ఆకు పీల్చుకుంటుంది. మొదటిసారి తడి పూర్తిగా పోకుండా జాడీలో పెడితే బూజు పడుతుంది, పని అంతా ఆ ఎండల్లోనే ఉంది. టోఫు ముక్కకు గుంట చేసి కూరిన మాంసం, చేమదుంప పిండితో చేసే కుడుములు కూడా ఇంటింటా ఉంటాయి. శాకాహారులు ముందే గట్టిగా చెప్పాలి, కూరగాయల వేపుడులో కూడా పంది కొవ్వు పడుతుంది.

ఇప్పుడు తులౌలు ఎందుకు కూలిపోతున్నాయి?

మనుషులు వెళ్ళిపోవడం వల్ల. యువకులు షియామెన్‌లోనో గ్వాంగ్‌జౌలోనో ఉద్యోగాల్లో ఉన్నారు. ఊళ్ళోనే ఉన్నవాళ్ళు కూడా నీళ్ళ కుళాయి, మరుగుదొడ్డి లోపలే ఉండే కాంక్రీటు ఇల్లు కట్టుకుంటున్నారు. అందుకు వాళ్ళను తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ ఖాళీ తులౌ ఎలా పాడవుతుందో చూస్తే గుండె తరుక్కుపోతుంది.

మొదట ఒక పెంకు జారుతుంది. పెంకులను అంటించరు, ఒకదాని మీద ఒకటి ఆనించి పేరుస్తారు, కాబట్టి పిల్లి నడిచినా గాలి వీచినా కదులుతాయి. మనుషులున్న ఇంట్లో నేల మీద నీటి చుక్క పడగానే ఎవరో నిచ్చెన వేస్తారు. ఖాళీ ఇంట్లో ఆ చుక్క వాసాన్ని తడుపుతుంది. తడిసిన చెక్కను చెదలు పడతాయి. పొయ్యి వెలిగించని ఇంట్లో పొగ కూడా లేదు, చెదలకు అడ్డే లేదు. వాసం విరిగితే కప్పులో గజం గుంట పడుతుంది. ఇక గోడ నెత్తిన నేరుగా వాన. పక్క నుంచి కొట్టే వానను ఆ గోడ వందేళ్ళు తట్టుకుంటుంది, రెండు మీటర్లు ముందుకొచ్చిన చూరు దాన్ని కాస్తుంది. నెత్తిన పడే వానకు మాత్రం కొన్ని వర్షాకాలాల్లోనే బురదైపోతుంది. పాడైన తులౌల్లో ఎక్కువ పైనుంచే పాడయ్యాయి.

రెండో కారణం వాకిట్లోని కాలువ. చుట్టూ కప్పు నీళ్ళన్నీ వాకిట్లోకే పడతాయి. కాలువ పూడితే నీళ్ళు గోడ అడుగున నిలిచి, రాతికట్టు దాటి చెమ్మ పైకెక్కుతుంది. ఏటా వానలకు ముందు కాలువ తీయించడం, కప్పు మీద జారిన పెంకులు సర్దడం: ఈ రెండే అసలు మరమ్మతు.

మూడోది మంచి మనసుతో చేసే తప్పు. పెచ్చులూడిన గోడకు సిమెంటు పూత పూయడం. మట్టి చెమ్మను పీల్చి బయటికి వదులుతుంది, సిమెంటు వదలనివ్వదు. లోపలి చెమ్మ పూత వెనక చేరి, కొన్నాళ్ళకు పూత మట్టితో సహా పలకలుగా ఊడిపోతుంది. ముందున్న గుంట కన్నా పెద్ద గుంట మిగులుతుంది. ఊడిన చోట అదే మట్టి, కొంచెం సున్నం కలిపి, పాత గోడను తడిపి, పొరలుగా కూరాలి. మన ఊళ్ళలో మిగిలిన మట్టిగోడల ఇళ్ళకూ ఇదే వర్తిస్తుంది.

ఇక విద్యుత్తు. వందేళ్ళ ఎండుచెక్క మీద పాత తీగలు, వాటికి హీటర్లు. ఇప్పుడు అసలైన నిప్పు భయం ఇదే.

చూడాలంటే ఎలా, ఎప్పుడు వెళ్ళాలి?

షియామెన్ వరకు విమానం, అక్కడి నుంచి బస్సులో లేదా కారులో సుమారు మూడు గంటలు. లోంగ్‌యాన్ దాకా రైలు, ఆపై బస్సు కూడా కుదురుతుంది. అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు చివరి దాకా వాతావరణం బాగుంటుంది. అక్టోబరు 1 నుంచి 7 దాకా జాతీయ సెలవులు, చైనా కొత్త సంవత్సరం వారం, ఈ రెండూ వదిలేయండి. ఊరికి ప్రవేశ టికెట్టు ఉంది.

ఒక్కరోజే ఉంటే పొద్దున్నే రూషెంగ్ లౌ, తర్వాత జెన్‌చెంగ్ లౌ, వాగు వెంట నడిచి ఫూయూ లౌ, కుయ్‌జూ లౌ, సాయంత్రం గావోబెయ్. రాత్రి ఏదైనా తులౌలో బస దొరికితే తప్పక ఉండండి. గది చిన్నది, చెక్క నేల చప్పుడు చేస్తుంది, మరుగుదొడ్డి కిందో బయటో ఉంటుంది. చేతిలో టార్చి ఉంచుకోండి.

లోపల పాటించాల్సినవి ఏమైనా ఉన్నాయా?

అవి మ్యూజియంలు కావు, ఇళ్ళు. పై అంతస్తులకు ఎక్కవద్దని బోర్డు ఉంటే ఎక్కకండి. వందల మంది ఒకేసారి నడిస్తే చెక్క నేల ఆగదు. కొన్ని ఇళ్ళవాళ్ళు కొద్ది రుసుము తీసుకుని పైకి తీసుకెళ్తారు, అప్పుడు గోడ వైపుకి ఆనుకుని, ఒకరి వెనక ఒకరు నడవండి. వంటింట్లోకి తొంగిచూసే ముందు పలకరించండి. మందిరంలో పూర్వీకుల పేర్ల పలకలకు వీపు పెట్టి ఫొటో దిగవద్దు. పెద్ద ద్వారం గడప మీద కాలు పెట్టకుండా దాటండి. గడప తొక్కకూడదని మన పెద్దవాళ్ళు చెప్పేదే అక్కడి ముసలమ్మ కూడా మీకు చేత్తో సైగ చేసి చెబుతుంది.